ఎర్రబడని కాలు

నవంబర్ 18, మంగళవారం. మధ్యాహ్నం పన్నెండున్నర. విరుదునగర్‌లో ఒక ఆస్పత్రి, మొదటి అంతస్తు వరండా.

హాజరు: నా భార్య రాజమ్మాళ్, కంటి ఆపరేషన్ అయిన నాలుగో రోజు, నల్లద్దాలతో. మా అమ్మాయి విజయ. అల్లుడు శీనివాసన్. నా కాలు చూస్తున్న డాక్టరమ్మ. గుంటూరు నుంచి మిరపకాయల లోడుతో వచ్చిన లారీ డ్రైవర్ మస్తాన్. అతని చేతిలో నా డైరీ.

గైర్హాజరు: నేను. తలుపుకు అవతల మంచం మీదే ఉన్నాను గానీ ఉన్నట్టు లెక్క కాదు. అందువల్ల ఆ గంటలో జరిగినదాన్ని ఇంట్లోవాళ్లు ముగ్గురినీ విడివిడిగా అడిగి, ముగ్గురూ ఒప్పుకున్నదే రాస్తున్నాను. ఒప్పుకోని చోట ఆ సంగతీ రాస్తాను.

ముందు డైరీ గురించి చెప్పాలి. మాది తమిళనాడులో నాగలాపురం వైపు మెట్ట ఊరు. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సరుకు పంపే గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. మా బండిళ్లలో, అంటే అగ్గిపెట్టెల కట్టల్లో, సగం ఆంధ్రాకు పోయేవి. అక్కడి అంగళ్లవాళ్లు తెలుగులో ఉత్తరాలు రాసేవాళ్లు. వాటికి జవాబు రాయడానికి ఇరవై అయిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. చేతికి అలవాటు కావాలని మొదలుపెట్టిన డైరీ ఇప్పటిదాకా ఆగలేదు. మా ఇంట్లో తెలుగు అందరికీ నోటికి వచ్చు, చదవడం ఎవరికీ రాదు. రాజం బడికే పోలేదు. విజయ చదివింది తమిళ బడిలో. ఇది నాకు ఎన్నడూ లోపంగా తోచలేదు. నిజం చెప్పాలంటే హాయిగానే ఉండేది. ఏది రాసినా ఇంట్లో గొడవ లేదు.

నవంబర్ 7, శుక్రవారం. పొద్దుటి నడకలో, రైలు కట్ట వెనక కంపల మధ్య దారిలో, సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని కుడికాలి చిటికెనవేలి కింద దిగింది. నాకు చక్కెర జబ్బు పదిహేనేళ్లది. పాదాల్లో స్పర్శ సగమే. ఇంటికి వచ్చి చెప్పు విడిచినప్పుడే చూశాను. పిన్నీసుతో తీసి, సబ్బుతో కడిగి, సమయం రాసుకున్నాను. ముల్లు కొన లోపలే విరిగిందని అప్పుడు తెలియదు.

తొమ్మిదో తేదీకి పాదం అంచు ఎర్రబడింది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. సాయంత్రానికి కాస్త వాపు, ఒళ్లు నొప్పులు, సన్నగా జ్వరం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, నా కాలు నాకు చెప్పవలసినదంతా ఆ రోజే చెప్పేసింది.

నేను వినకపోవడానికి కారణం ఉంది. పద్నాలుగో తేదీన విరుదునగర్‌లో రాజానికి కంట్లో శుక్లం ఆపరేషన్. అంతకు ముందు రెండుసార్లు తేదీ ఇచ్చారు, రెండుసార్లూ ఆమే వద్దనుకుంది. ఒకసారి విజయ కాన్పు, ఇంకోసారి నాకు కామెర్లు. ఈమధ్య ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లను వేళ్లతో తడిమి ఏరుతోంది. స్టవ్ వెలిగిందో లేదో చెవి పెట్టి వింటోంది. నా కాలు చూపించానంటే మూడో తేదీ కూడా పోతుంది. అయిదు రోజులే కదా అనుకున్నాను.

పదో తేదీ, సోమవారం. బీరువాలో పాత మందుల డబ్బా తీశాను. ప్రతి మందు కవరు మీదా అది ఎందుకిచ్చారో రాసి పెట్టుకోవడం నా పద్ధతి. రెండేళ్ల కిందట రాజానికి ఉబ్బసం ఎక్కువైనప్పుడు డాక్టర్ ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు అందులో ఒకటిన్నర పట్టీ మిగిలి ఉన్నాయి. కవరు మీద నా అక్షరాలతోనే ఉంది: ‘ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గడానికి.’ వాపు ఎక్కడిదైతేనేం అనుకున్నాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఒళ్లు నొప్పులకు వేరే జ్వరం మాత్ర. వేసుకున్న ప్రతిదీ సమయంతో సహా డైరీలో ఎక్కించాను. రెండు రోజుల్లో ఎరుపు పోయింది, వేడి పోయింది, జ్వరం పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత కట్లు మార్చే రోజుల్లో డాక్టరమ్మ నాకు ఓపికగా చెప్పినదాన్ని, అర్థమైనంత వరకు ఇక్కడే రాస్తాను. చర్మం తెగి క్రిమి లోపలికి పోగానే, అక్కడ కాపలా ఉండే కణాలు కబురు పంపుతాయట. వచ్చింది ఏ క్రిమి, ముందెప్పుడైనా చూశామా అని అవి విచారించుకుంటూ కూర్చోవు. క్రిమిని ఆనవాలు పట్టి దానికి తగిన ఆయుధం తయారుచేసేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లు రావడానికి రోజులు పడుతుంది. అంతవరకు ఈ మొదటివాళ్లే ఆపాలి. కబురు అందగానే చుట్టుపట్ల రక్తనాళాలు వెడల్పవుతాయి. ఎరుపూ వేడీ అందువల్లే. నాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది, అది వాపు. ఆ సందుల్లోంచి తెల్లకణాలు బయటికి దూరి క్రిముల్ని మింగుతాయి. మింగి అక్కడే చచ్చిపోతాయి. చీము అంటే చాలావరకు అదేనట. డెబ్బై ఏళ్లుగా చీమును చూసి మొహం తిప్పుకున్నవాణ్ని, ఆ మాట విన్న రోజు కట్టు విప్పినప్పుడు తల తిప్పకుండా చూశాను.

నొప్పి ఆ చోటును కదపకుండా ఉంచడానికి. జ్వరం ఒళ్లంతటికీ సంగతి తెలిసిందనడానికి.

“మరి ఉబ్బసానికి అదే మాత్ర ఎందుకిచ్చారు?” అని అడిగాను.

“అమ్మకు ఊపిరి గొట్టాల్లో ఆ కాపలావాళ్లే దుమ్ముకీ పొగకీ కంగారుపడి లేనిపోని రభస చేశారు. వాళ్లను కూర్చోబెట్టాలి, అందుకిచ్చారు. మీ కాల్లో నిజంగా దొంగ దూరాడు. మీరు పనిలోకి వచ్చిన వాళ్లందరికీ సెలవిచ్చి ఇంటికి పంపేశారు. పైగా ఆ మాత్ర చక్కెరను పెంచుతుంది. చక్కెర ఎక్కువైతే మిగిలిన ఆ కొద్దిమందీ సరిగ్గా పనిచెయ్యరు.” ఆమె తమిళంలో చెప్పింది, నేను తెలుగులో రాసుకున్నాను.

పద్నాలుగో తేదీ, శుక్రవారం. కంటి ఆస్పత్రిలో వేచి ఉండే హాలు. నుదుటి మీద ప్లాస్టరు ముక్క, దాని మీద పేరు రాసి, ఏ కన్నో గుర్తు పెట్టి ఆడవాళ్లను వరసగా కూర్చోబెట్టారు. రాజం లోపలికి పోయే ముందు నా భుజం పట్టుకుంది. ఆమె మా అక్క కూతురు, నన్ను మామా అనే పిలుస్తుంది.

“ఏమి మామా, ఇంత పెద్ద చెప్పులు ఏసుకోనుండావు? ఎవరివి?”

“అల్లుడివి. నావి తెగిపోయినాయి.”

“నా కన్ను బాగవతానే కొత్తవి నేనే చూసి కొనిస్తా. నువ్వు కొనేది అన్నీ తాత చెప్పులే.”

“నేను తాతనే కదా.”

“అది నాకింకా సరిగా తెల్దు. కన్ను తెరిస్తే కదా తెలిసేది,” అని నవ్వుకుంటూ పోయింది.

మర్నాడు కట్టు తీశారు. ఆమె ముందుగా నా మొహం చూడలేదు. నా బనీను చూసింది.

“ఇది నేనే ఉతికినానా?”

“నువ్వే.”

“అయ్యో. ఇన్నాళ్లూ ఇది ఏసుకోనే ఊరంతా తిరిగినావా?” ఆమెకు సిగ్గు, నాకు నవ్వు. ఆ రోజు డైరీలో మాత్రల సమయాలు కాక రాసిన మాట ఒకటే: ‘ఈ మాత్రల పుణ్యమా అని ఈ రోజు చూడగలిగాను.’ దాన్ని కొట్టేయకుండా అలాగే ఉంచాను.

పదహారు, ఆదివారం. విజయ ఇంట్లో ఉన్నాం. కొత్త కన్ను కదా, నేను కాలీడుస్తున్నది రాజమే పట్టేసింది. పాదం ఉబ్బి ఉంది, ఎరుపు లేదు. ఎన్నాళ్లయిందని అడిగింది. నిన్నటినుంచే అన్నాను. పెళ్లయి నలభై రెండేళ్లు. ఆమెతో అబద్ధాలు ఆడలేదని చెప్పను గానీ, ఆమె నిజమని నమ్మి ఇంకొకరికి మోసుకెళ్లిన అబద్ధం ఇదొక్కటే.

పదిహేడు, సోమవారం. నాకు తెలిసినంత వరకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం దాకానే. తర్వాత నేను వణికిపోతూ బండిల్ నంబర్లు చదివానట. చీరాలకు పోవలసినది ఒంగోలు బండిలో ఎక్కించారని అల్లుణ్ని తిట్టానట. ఆటోలో పడుకోబెట్టి తీసుకుపోయారు. విజయ, ఆమె భర్త ఆటోలోనే మాటామాటా అనుకున్నారు. నిన్ననే తీసుకుపోదామంటే నువ్వు వినలేదని ఒకరు, మీ నాన్న ఎవరి మాట వింటాడని ఇంకొకరు. రాజం ఇద్దరినీ నోరు మూసుకోమందట. ఆమె నోట ఆ మాట విజయ వినడం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో డాక్టరమ్మకు లెక్క కుదరలేదు. చక్కెర ఆకాశాన ఉంది, రక్తపోటు అడుగున ఉంది, మనిషి ఇలా పలవరిస్తున్నాడు. కాలు చూస్తే ఎరుపు లేదు, ఒంటికి చెప్పుకోదగ్గ జ్వరం లేదు.

“ఎన్ని రోజులైంది?”

“రెండు దినాలు,” అంది రాజం.

“ఏమైనా మాత్రలు వేసుకున్నారా?”

“చక్కెర మాత్ర, బీపీ మాత్ర. వేరే ఏమీ లేదు. నాకు తెలీకుండా ఆయన నీళ్లు కూడా తాగడు.”

రెండు రోజులదైతే పైపైనే ఉంటుంది, మందు ఎక్కిస్తూ చూద్దాం అని డాక్టరమ్మ అనుకుంది. ఆమెను నేను తప్పు పట్టను. మర్నాడు పొద్దున చిటికెనవేలు నల్లబడింది. ఆమె మళ్లీ వచ్చి, మళ్లీ అదే ప్రశ్న, ఇంకా నెమ్మదిగా అడిగింది. రాజం మళ్లీ అదే జవాబు చెప్పింది. అప్పుడు విజయకు నా సంచిలో డైరీ గుర్తుకొచ్చింది.

తెరిచారు. తేదీలు తెలుస్తున్నాయి, అంకెలు తెలుస్తున్నాయి, మిగతాది తెలియడం లేదు. విజయ ఫోనుతో ఫోటో తీసి తమిళంలోకి మార్చి చూసింది. నా గొలుసుకట్టు రాత ఫోనుకు ఎక్కలేదు. ‘ఏనుగు’ అని ఏదో చూపించిందట. రాజం ఆ పేజీ మీద చెయ్యి పెట్టి కూర్చుందని విజయ చెప్పింది.

“ఇన్ని ఏండ్లుగా నా పక్కన కూకోనే రాస్తా ఉండాడు. ఏమి రాస్తా ఉండావని ఒక్క దినమన్నా అడగలేదు నేను,” అందట.

అల్లుడు పప్పులు, మిరపకాయల మండీలో తూకం గుమాస్తా. అక్కడికి గుంటూరు లారీలు వస్తాయి. ఎవరికీ ఏమీ చెప్పకుండా బండి తీసుకుని పోయి, సరుకు దించుతున్న లారీ పక్కన వంట చేసుకుంటున్న మస్తాన్‌ను పొయ్యి మీది అన్నం అలాగే వదిలేయించి వెంట తెచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి, లుంగీ మీదే వచ్చాడు. చొక్కా నిండా మిరప కోరు, ఘాటైన దుమ్ము. వరండాలో అందరూ తుమ్మారు.

“ఏందమ్మా, ఎవరికి బాగాలేదు?” అన్నాడు.

“మా ఇంటాయనకు. నీకు పుణ్యం ఉంటాది, ఇది సదివి చెప్పు నాయనా. ఎన్ని దినాలుగా నొస్తా ఉండాదో అందులో రాసి ఉంటాడు.”

“మీరు తెలుగోళ్లా? మీ మాట మా నాయనమ్మ మాటలాగుందే,” అని అతను నవ్వబోయి, డాక్టరమ్మ మొహం చూసి ఆపుకున్నాడు. చేతులు లుంగీకి తుడుచుకుని డైరీ తీసుకున్నాడు.

అతను చదవడం, విజయ దాన్ని తమిళంలో చెప్పడం, డాక్టరమ్మ నిలబడి వినడం. ఏడో తేదీ, ముల్లు. తొమ్మిది, ఎరుపు, వేడి. పదో తేదీకి రాగానే డాక్టరమ్మ ఆగమంది.

“ఏ మాత్ర?”

“‘రాజం ఉబ్బసం మాత్ర, తెల్లది, చిన్నది’ అని ఉందండి. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. పదకొండో తేదీ అదే. పన్నెండు అదే. రోజూ ఉందండి. నిన్న పొద్దున కూడా.”

డాక్టరమ్మ లోపలికి కేక వేసి ఆపరేషన్ గది సిద్ధం చేయమంది. తర్వాత విజయతో చెప్పింది: ఇది రెండు రోజులది కాదు, పదకొండు రోజులది. పైకి ఏమీ కనపడకపోవడం ఆ మాత్ర వల్ల. లోపల చాలా దూరం పోయి ఉంటుంది. ఇంక చూస్తూ కూర్చోకూడదు, ఇప్పుడే తెరవాలి. వేలు పోతుంది. పాదం ఉంటుందో లేదో తెరిస్తే గానీ చెప్పలేను. ఇంకొక రోజు ఆగి ఉంటే కాలు మాట ఎత్తేదాన్నే కాదు, మనిషి మాటే మాట్లాడేదాన్ని.

సంతకానికి కాగితాలు తెచ్చేలోపల మస్తాన్ పేజీ తిప్పి, ఆగి, డైరీ మూశాడట.

“ఏమి నాయనా?”

“ఇక్కడ మందుల సంగతి కాదమ్మా. మీ గురించి రాశారు. నేను చదివేది కాదేమో.”

“సదువు,” అంది రాజం. “నాకు ఆయన సదివి చెప్పబోయేది లేదు.”

అతను చదివాడు. ‘రాజం ఈ రోజు కూడా బియ్యం తడిమి ఏరింది. కాలు సంగతి చెబితే మళ్లీ వద్దంటుంది. రెండుసార్లు మా కోసం ఆపుకుంది. మూడోసారి నా వల్ల ఆగకూడదు. శుక్రవారం దాకా ఓర్చుకుంటే చాలు.’

ఇక్కడే ముగ్గురి సాక్ష్యం కలవదు. రాజం అతను కళ్లు తుడుచుకున్నాడంటుంది. విజయ అది మిరప కోరు అంటుంది. అల్లుడు తాను చూడలేదంటాడు.

రాజం ఆ తర్వాత అన్న మాట మీద ముగ్గురూ ఒప్పుకున్నారు. “నా కన్నుకు ఆయన కాలు అడిగినానా నేను? ఎవరు అడిగినారు?” అని, వేలిముద్ర వేసి, నల్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుందట. ఏడిస్తే కంటికి మంచిది కాదని నర్సు చెప్పి ఉండింది.

మస్తాన్ రెండు గంటలకు పోయాడు. అన్నం మాడిపోయి ఉంటుంది. దారిలో టీకి ఆగి, పెద్దాయన ఎలా ఉన్నారని అల్లుడికి ఫోన్ చేశాడట.

చదివేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చక్కెర ఉన్నవాళ్లు రాత్రి పడుకునే ముందు పాదాల కింద చూసుకోండి, కనపడకపోతే ఇంట్లోవాళ్లను చూడమనండి. ఒకరి మాత్ర ఇంకొకరు, ఒక జబ్బు మాత్ర ఇంకో జబ్బుకు వేసుకోకండి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి నాలుగూ మీ తరఫున వచ్చినవాళ్లు పనిలో ఉన్న గుర్తులు. వాళ్లను మీరే తరిమేయకుండా డాక్టరుకు చూపించండి. నేను అన్నీ రాసి పెట్టానన్న ధీమాతో ఉన్నాను. రాసినది ఇంట్లో ఒక్కరికైనా అందకపోతే అది రాసిన లెక్క కాదు. ఇప్పుడు మందుల సంగతి మాత్రం తమిళంలో, పెద్ద అక్షరాలతో, గోడ క్యాలెండర్ మీద రాస్తున్నాను.

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. ముల్లు కొన బయటపడింది, గోరుముక్కంత. చిటికెనవేలు, పాదం అంచున కొంత కండ తీసేశారు. గాయాన్ని కుట్టకుండా తెరిచే ఉంచారు. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి చీలమండకు పైన, పిక్క మీద పెన్నుతో చుట్టూ గీత గీసింది. తెల్లారేసరికి చెడు ఈ గీత దాటితే మోకాలి కింద తియ్యాల్సి వస్తుందని చెప్పింది. ఆ మాట విజయ నాకు చెప్పలేదు. ఆ రాత్రి నాకు కాస్త తెలివి వచ్చినప్పుడు రాజం చెప్పింది. ఇక మన ఇంట్లో దాచేది లేదు మామా, అంది.

నవంబర్ 19, బుధవారం. ఆరు గంటలకు మెలకువ వచ్చింది. ఎక్కడున్నానో తెలిసింది, తేదీ చెప్పగలిగాను. ఒళ్లు కాలిపోతోంది. కుడి కాలు మొదలు దాకా పోటు పెడుతోంది. పదకొండు రోజుల్లో ఎన్నడూ అంత నొప్పి లేదు. గీత దాటిపోయింది, అయిపోయింది అనుకుని కళ్లు మూసుకున్నాను.

ఏడింటికి డాక్టరమ్మ దుప్పటి తొలగించింది. పిక్క కింది భాగం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. ఆమె బొటనవేలితో అంచు వెంబడి నొక్కుకుంటూ వచ్చి, గీతకు రెండు వేళ్ల కిందనే ఆగింది. జ్వరం చూసింది. నూట ఒకటి.

“ఇదీ కావలసింది,” అంది తమిళంలో. “నిన్న ఈ కాలు నాకేమీ చెప్పలేదు. ఇవాళ చెబుతోంది. వచ్చేశారు మీవాళ్లు. మోకాలి మాట ఇంక లేదు.”

ఆమె పక్క మంచానికి పోయింది. రాజం నల్లద్దాలు పైకెత్తి, వంగకూడదన్నారు కాబట్టి నిటారుగా కూర్చునే, నా కాలిని చాలాసేపు చూసింది.

“నొస్తా ఉండాదా?”

లేదనబోయాను. నలభై రెండేళ్ల అలవాటు అది.

“ఉండాది,” అన్నాను. “బాగా నొస్తా ఉండాది, రాజం.”

“సరి,” అంది ఆమె. “నొయ్యనీ.” కుర్చీ దగ్గరికి లాక్కుని నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది.